దిబ్బ ఇంటి బ్యాటరీ

తాటిదిబ్బలంక,
జూన్ 8.

శాలినికి,

మీ వదిన రాజ్యలక్ష్మి రాసేది. చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితాలేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోను చెయ్యాలంటే మంచం పక్క నుంచే చెయ్యాలి, మీ అన్నయ్య చెవులు రెండూ నా నోటి దగ్గరే ఉంటాయి. ఆయన ఊపిరి సంగతి ఆయన వింటుండగా ఎట్లా మాట్లాడను? పోనీ రేవు దాకా వెళ్ళి మాట్లాడదామంటే ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి అంతసేపు ఉండలేను. అందుకని ఈ ఉత్తరం పాలవ్యాను నడిపే నాని చేతికిస్తున్నాను. పటమట రైతుబజారు దగ్గర నీకు అందిస్తానన్నాడు. జవాబు కూడా అతనికే ఇవ్వు.

మొన్న గురువారం గాలివానకి ఏటి గట్టున స్తంభం ఒరిగి కరెంటు పోయింది. నువ్వు కొనిపెట్టిన ఇన్వర్టరు ఆక్సిజన్ మిషన్ని కాసేపు నడిపి కుయ్యిమని ఆగిపోయింది. సిలిండరు పెట్టాను. దాని ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేదాకా కరెంటు రాలేదు. ఆ ముల్లుని చూస్తూ నేను కూర్చున్నాను, నన్ను చూస్తూ ఆయన పడుకున్నాడు. "నువ్వట్టా గుడ్లురిమి చూస్తే అది నిదానంగా దిగుద్దా ఏంటే?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పాతికేళ్ళు కంకిపాడు రైసుమిల్లులో ఊక దుమ్ము పీల్చి తెచ్చుకున్న జబ్బు. ఊపిరితిత్తులు తోలులాగా గట్టిపడ్డాయని, మిషను పగలూ రాత్రీ ఆగకూడదని డాక్టరు నీ ముందే చెప్పాడు. మిషను ఆగితే మనిషి ఆగుతాడు. ఇందులో మనిద్దరి మధ్యా దాచుకోవడానికేమీ లేదు.

మీ దగ్గరికి రమ్మంటావని తెలుసు. పోయిన వేసవిలో నెల్లాళ్ళు ఉన్నాడుగా. మూడో అంతస్తు, కిటికీ తీస్తే బందరు రోడ్డు దుమ్ము, మూస్తే ఉక్క. తిరిగొచ్చి పడవెక్కగానే, "చస్తే ఏటిగాలి పీల్చి చస్తా, బస్సుల పొగ పీల్చి కాదు" అన్నాడు. ఆయన మొండితనం నీకు కొత్త కాదు, మీ ఇంటి రక్తమేగా.

కాబట్టి ఈ స్తంభాల కరెంటుతో పని లేకుండా, ఎండకి నిండే పెద్ద బ్యాటరీ ఒకటి చూసిపెట్టు. కాలేజీలో పిల్లలకి ఫిజిక్సు చెప్పేదానివి, నీకు తెలియంది కాదు. వానాకాలం నెత్తిమీదికి వచ్చేసింది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అని కూర్చోవడం నా వల్ల కావడం లేదమ్మా.

రాజ్యలక్ష్మి


పటమట, విజయవాడ,
జూన్ 15.

వదినకి నమస్కారం.

నీ ఉత్తరం కాలేజీలో చదివాను. చదివి, తర్వాతి క్లాసు ఎట్లా చెప్పానో నాకే తెలియదు.

ఆటోనగర్లో ముస్తఫా గారని సోలారు పనులు చేసే ఆయన ఉన్నారు. వెళ్ళి కలిశాను. ఏ బ్యాటరీ మంచిదండీ అని అడిగితే, "బ్యాటరీ తర్వాత చూద్దామమ్మా. ముందు ఇంటి సంగతి చెప్పండి, దాని మీద ఏమేం నడుస్తాయో" అన్నారు. అది తెలిస్తేగానీ ఎంత పెద్దది కావాలో లెక్క తేలదట. నిజమే, నేను పిల్లలకి చెప్పేదీ అదే.

ఉన్నవి రెండు రకాలు. ఒకటి మనం ఎప్పుడూ చూసే ట్యూబులర్ బ్యాటరీలు. గదినిండా వరసగా పేర్చాలి, నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పైగా అందులో ఉన్న కరెంటు సగమే వాడుకోవాలి, అంతకంటే పిండితే తొందరగా చచ్చిపోతాయి. ఛార్జింగ్ ఎక్కుతున్నప్పుడు మండే గాలి వదులుతాయి. ఆక్సిజన్ మిషను ఉన్న ఇంట్లో అది వద్దే వద్దని నేనే చెప్పేశాను.

రెండోది లిథియం. చిన్న బీరువా అంత పెట్టె. నీళ్ళు పోసే పని లేదు, ఉన్నదంతా దాదాపు వాడుకోవచ్చు. ఒకటే చిక్కు. అడుగంటిందంటే తన్ను తాను కాపాడుకోవడానికి టక్కున ఆగిపోతుంది, మళ్ళీ ఎండ తగిలితేగానీ లేవదు. ఎంత బతిమాలినా లేవదు వదినా.

నువ్వు నాకు మూడు సంగతులు రాయాలి. ఇంట్లో ఏమేం నడుస్తాయి? ముసురు పట్టిందంటే ఎన్ని రోజులు సూర్యుడు కనపడడు? కిందటి వరదకి నీళ్ళు మన ఇంట్లో ఎక్కడిదాకా వచ్చాయి? ఏదీ వదిలిపెట్టకుండా రాయి.

ఇదంతా రాస్తూ కూడా మళ్ళీ అడుగుతున్నాను. ఇక్కడికి వచ్చెయ్యండి. పెనమలూరు వైపు, రోడ్డుకి దూరంగా, కింద వాటా ఒకటి చూస్తాను. పెద్దాసుపత్రి పక్కనే ఉన్నట్టు ఉంటుంది. అన్నయ్యతో ఒక్కసారి అనిచూడు.

శాలిని


తాటిదిబ్బలంక,
జూన్ 22.

శాలినికి,

అని చూశాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంక నన్ను ఆ మాట అడగమనకు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు నువ్వు పాఠం చెప్పావు, నేను బుద్ధిగా విన్నాను. ఇప్పుడు నా జవాబులు విను.

ఇంట్లో నడిచేవి: ఆయన మిషను. ఆయన గదిలో ఒక లైటు, ఒక ఫ్యాను. నా ఫోను. అంతే. ఫ్రిజ్జు ఆపేస్తాను, పెరుగు తోడుకోకపోతే చావం. ఉండేది మేమిద్దరమేగా.

ముసురు రెండు రోజులుంటుంది, మహా అయితే మూడు. మూడో రోజు కాసేపైనా సూర్యుడు మొహం చూపిస్తాడు.

మన ఇల్లు దిబ్బ మీద ఉంది కదా, లంకలో ఇదొక్కటే నీళ్ళు ఎక్కని ఇల్లు. కిందటి వరదకి కింది మెట్టు దాకా వచ్చి ఆగింది. పెంకుల మీద సోలారు పలకలు నిలవవని పశువులపాకకి ఇనప పట్టీలు వేయించమన్నాడు మీ అన్నయ్య. పడుకుని ఆజ్ఞలు మాత్రం బాగా వేస్తున్నాడు. కంద చేలో గొప్పు తవ్వేవాళ్ళని కూడా కిటికీలోంచి కేకలేస్తాడు, కేక సగంలో దగ్గు వస్తుంది, మిగతా సగం నేను వెయ్యాలి.

పక్కింటి బుల్లెమ్మ కోడలు సాయిశ్రీ కడుపుతో ఉంది, ఆగస్టులో కాన్పు. వాళ్ళంతా సంబరంగా ఉన్నారు. నేను కూడా ఒక గంట అక్కడ కూర్చుని వచ్చాను. తొందరగా పంపించు శాలినీ. మేఘం పడితే లేచి సిలిండరు ముల్లు చూసుకుంటున్నాను.

రాజ్యలక్ష్మి


పటమట,
జూలై 6.

వదినకి,

ఇద్దరమే అని రాశావు. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను వదినా.

ఏరు వచ్చినప్పుడు దిబ్బ ఇంటి తలుపు మూయకూడదని నాన్న అనేవాడు. లంక మొత్తం మన ఇంట్లో పడుకునేది. నా పక్కలో ఎవరి పిల్లలో, కాళ్ళ దగ్గర ఎవరి మేకలో. పొయ్యి ఆరేది కాదు. అమ్మ విసుక్కునేది గానీ గడియ మాత్రం వేసేది కాదు. నువ్వు ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఎన్ని వరదలు చూశావు? "ఇద్దరమే" అని రాసేటప్పుడు నీకూ తెలుసు.

"ఊళ్ళో ఇంకెవరైనా వాడతారా అమ్మా?" అని ముస్తఫా గారు కూడా అడిగారు. లేరండీ అన్నాను. ఎందుకన్నానో చెప్తాను.

ఆయన దగ్గర ఇప్పుడు ఉన్న లిథియం బ్యాటరీ ఒకటే. సూర్యుడు బొత్తిగా లేకపోయినా నువ్వు రాసిన వాటిని మూడు రోజులు నడుపుతుంది. వారం రోజులు నడిపేది కూడా ఉంది గానీ, అది పై ఊరి నుంచి రావాలి, దసరాకి గానీ రాదు. లంకలో అందరూ వాడినా తట్టుకునేది అదే. ఏరు దసరా దాకా ఆగుతుందా? రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి చిన్నదే తీసుకున్నాను. పెద్దది వచ్చాక ఇది తీసుకుని అది ఇస్తామన్నారు. అప్పుడు ఎంతమందిని కావాలంటే అంతమందిని రానీ.

ఈ ఒక్క వానాకాలం మాత్రం తలుపు మూసుకో. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటామంటే పెట్టనీ, అదేం పెద్ద లెక్క కాదు. వేడి పుట్టించేది ఏదీ పెట్టనివ్వకు. కరెంటు పొయ్యి, వేన్నీళ్ళ కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఏదీ వద్దు. పొయ్యి గంటసేపు వెలిగితే అన్నయ్య ఊపిరి ఒక పూట తగ్గినట్టు. ఇది నీకు అర్థమయ్యేట్టు రాయడానికి ఇంకో మార్గం నాకు తెలియదు.

నేను ఈ బ్యాటరీని ఒక్క మనిషి కోసం ఎంచాను. నాన్న ఉంటే నన్ను చీదరించుకునేవాడు. చీదరించుకోనీ. అన్నయ్యకి చెప్పకు, వినడు. నువ్వు నాకు మాట ఇవ్వు.

శాలిని


తాటిదిబ్బలంక,
జూలై 27.

శాలినికి,

మాట ఇస్తున్నాను. తలుపు మూస్తాను. నీ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను, మీ అన్నయ్య చెయ్యి అక్కడిదాకా వెళ్ళదు.

బ్యాటరీ మంగళవారం వచ్చింది. పడవలో నలుగురు పట్టుకుని కూర్చుంటే పడవ ఒక పక్కకి ఒరిగింది. పెళ్ళికూతుర్ని దించినట్టు దించారు. నడవాలో ఎత్తుగా స్టాండు వేసి దాని మీద పెట్టారు. ముస్తఫా గారు స్విచ్చి వెయ్యగానే ఆకుపచ్చ లైటు వెలిగింది. మీ అన్నయ్య మిషను ఒక్క క్షణం కూడా ఆగకుండా దాని మీదికి మారిపోయింది. మారినట్టు ఆయనకి తెలియనే తెలియలేదు. నాకు మాత్రం ఒంట్లో బరువు దిగిపోయింది. ఆ రాత్రి నేను ముల్లు కలలోకి రాకుండా పడుకున్నాను.

లంక అంతా చూడ్డానికి వచ్చింది. బుల్లెమ్మ దాన్ని చేత్తో తడిమి, "వేడిగా లేదేంటే, లోపల నిప్పుంటదన్నారు?" అంది. అందరికీ కాఫీ ఇచ్చాను. వాళ్ళ మొహాలు చూస్తుంటే నీకిచ్చిన మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది. అయినా మింగాను.

కింద మీ అన్నయ్య ఏదో రాస్తాడట.

అమ్మాయ్, నీ పెట్టె బాగుంది. మీ వదిన దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది, రోజూ నాకంటే ముందు దాన్నే పలకరిస్తోంది. మిల్లులో ఉన్నప్పుడు కరెంటు పోతే మాకు సెలవు. ఇప్పుడు ఆ సెలవు కూడా లేకుండా చేశావు. నా మీద ఇంత ప్రేముందని తెలిస్తే ముందే జబ్బు పడేవాణ్ణి. దసరాకి పిల్లల్ని తీసుకురా. హనుమయ్య.


పటమట,
సెప్టెంబరు 3.

వదినా,

ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. నాని వ్యాను గట్టు దగ్గరే ఆగిపోయింది. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

మూడు రోజులుగా ఒకటే వాన. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు. మీ వైపు స్తంభాలు పడిపోయాయట. నీ ఫోను కలవడం లేదు. ఈ రోజు సాయంత్రం ఉండబట్టలేక రేవు దాకా వచ్చాను. రేవు లేదు. ఏరు గట్టు దాకా వచ్చేసి, ఎర్రటి నీళ్ళలో అరటిచెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోతున్నాయి. పడవ వెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఎవరూ వెయ్యలేదు, వాళ్ళని అనడానికి లేదు.

అక్కడి నుంచి మన దిబ్బ కనిపించింది. లంకంతా మసక, మన ఇంట్లో మాత్రం వెలుతురు. బ్యాటరీ పనిచేస్తోందని ప్రాణం లేచొచ్చింది. పక్కనున్న వాళ్ళకి అది మా ఇల్లేనని చెప్పాను కూడా.

తర్వాత బాగా చూశాను. వెలుగుతున్నది అరుగు మీది లైటు. నువ్వు రాసిన వాటిలో అరుగు లైటు లేదు వదినా.

శాలిని


పటమట,
సెప్టెంబరు 21.

వదినా,

అన్నయ్య పెద్దకర్మ అయ్యేదాకా నీ ఇంట్లో ఉండి నిన్ను ఒక్క మాట అడగలేకపోయాను. చుట్టూ జనం. నువ్వు నా మొహంలోకి చూడలేదు, నేను నీ మొహంలోకి చూడలేదు. చెప్పకుండా బస్సెక్కాను.

ఇప్పుడు అడుగుతున్నాను. అరుగు మీద లైటు ఎవరు వేశారు?

శాలిని


తాటిదిబ్బలంక,
సెప్టెంబరు 29.

శాలినీ,

నేనే వేశాను. స్విచ్చి ఈ చేత్తోనే నొక్కాను.

నువ్వు అడుగుతావని రోజూ ఎదురుచూశాను. అడగకుండా వెళ్ళిపోతే అదే నా శిక్ష అనుకున్నాను. మొత్తం చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

మొదటి రోజు మధ్యాహ్నం నుంచే జనం దిబ్బ ఎక్కడం మొదలుపెట్టారు. మూటలు, కోళ్ళు, మేకలు. నేను తలుపు మూసి గడియ పెట్టాను. కిటికీలోంచి, "ఆయనకి బాగాలేదు, లోపలికి జనం వస్తే పడదు" అని చెప్పాను. అరుగు మీద, చూరు కింద సర్దుకున్నారు. జల్లు కొడుతూనే ఉంది. సాయిశ్రీ పచ్చి బాలింతరాలు, పిల్లని చీరలో చుట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నేను లోపల తలుపుకి ఆనుకుని కూర్చున్నాను. మధ్యలో తలుపు ఒకటే. నీకిచ్చిన మాట మీద ఆ రోజంతా నిలబడ్డాను, ఆ ఒక్కటి గుర్తుపెట్టుకో.

దగ్గు మందు మత్తుకి మీ అన్నయ్య అప్పటిదాకా నిద్రలోనే ఉన్నాడు. రెండో రోజు పొద్దున పిల్ల ఏడుపు విన్నాడు.

"ఎవరే బయట?"

"ఎవరూ లేరు. మేకపిల్ల."

"పిల్ల ఏడుపుకీ మేక ఏడుపుకీ తేడా తెలవని మొగుడా నీకు దొరికింది? తలుపు తియ్యి."

తియ్యనన్నాను. నీ పేరు చెప్పాను, నా మీద ఒట్టు పెట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. ఆయన ముక్కుకున్న గొట్టం తీసి దిండు మీద పెట్టాడు. "తలుపు మూసిన ఈ ఇంట్లో నాకు ఊపిరాడదే. నువ్వు తియ్యి, నేను పెట్టుకుంటా" అన్నాడు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నా చూస్తూ పడుకున్నాడు. తీశాను. ఎవరు తియ్యకుండా ఉంటారో చెప్పు.

ఆ సాయంత్రానికి గ్యాసు అయిపోయింది. కట్టెలు తడిసిపోయాయి. పిల్ల కాళ్ళు చల్లగా మంచుముక్కల్లా ఉన్నాయి, దాని తల్లికి వేడిగా ఒక గుక్క పోసే దారి లేదు. "కరెంటు పొయ్యి పెట్టు" అన్నాడు. అప్పుడు బియ్యం డబ్బాలోంచి నీ ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. గంటసేపు పొయ్యి వెలిగితే ఒక పూట ఊపిరి అని నువ్వు రాసిన చోట వేలు పెట్టి చూపించాను. కళ్ళజోడు అడిగి చదివాడు. రెండుసార్లు చదివాడు. మడిచి దిండు కింద పెట్టుకుని, "మా చెల్లెలు లెక్క తప్పదు. పెట్టు" అన్నాడు.

తెలిసే పెట్టమన్నాడు శాలినీ. నీకు ఇది మంచో చెడో నాకు తెలియదు, దాచను.

వేన్నీళ్ళు పెట్టాను. గంజి కాశాను. అందరికీ ఇంత పోశాను. బుల్లెమ్మ గిన్నె పట్టుకుని, "ఈ పెట్టె ఎన్నాళ్ళు వచ్చిద్ది అన్నయ్యా, నీకు తక్కువ పడదుగా?" అని అడిగింది. "దానికేం. సూర్యుడు లేకపోయినా వారం వచ్చిద్ది. మీరు కానీండి" అన్నాడు. నేను పక్కనే గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాట చెబితే వాళ్ళు గిన్నెలు కింద పెట్టేసేవాళ్ళు. ఆయన నా వంక చూశాడు. నేను గంజి వడ్డించాను. ఆ సాయంత్రమే అరుగు లైటు కూడా వేశాను, చీకట్లో ముసలాళ్ళు జారి పడుతున్నారని.

ఆ మర్నాడు కూడా అంతే. సూర్యుడు మొహం చూపిస్తాడని నీకు రాశాను కదా, చూపించలేదు. నాలుగో రోజు పొద్దున అది టక్కున ఆగిపోయింది. నువ్వు చెప్పినట్టే. బతిమాలాను కూడా. సిలిండరు పెట్టాను. అప్పుడు అందరికీ అర్థమైంది. మగాళ్ళు పడవ తోశారు, ఏరు దాన్ని తిప్పి గట్టుకేసి కొట్టింది. తెడ్డు పట్టిన పీరు మావయ్య చెయ్యి విరిగింది. ఫోనుకి సిగ్నల్ దొరికితే అవతలి గట్టున ఉన్న వరద సాయం వాళ్ళు, ఉధృతి తగ్గగానే వస్తామన్నారు. ముల్లు దిగుతూ ఉంది. చలిగాలి కొడుతోందని తలుపు మూయబోతే వద్దని తల ఊపాడు. దీపాల వేళ కాకముందే వెళ్ళిపోయాడు.

తెల్లారి ఎండ కాసింది. కడిగినట్టున్న ఆకాశం. పడవ వచ్చింది. మధ్యాహ్నానికల్లా బ్యాటరీ మళ్ళీ లేచి ఆకుపచ్చ లైటు వెలిగింది. అది చూసి నేను నవ్వానట. నాకు గుర్తులేదు.

నువ్వు రాకముందు ఇంకొకటి జరిగింది. బుల్లెమ్మ పిల్లని ఎత్తుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడుకోబెట్టి ఏడుస్తోంది. నేను అన్నాను, "మీరు తాగింది గంజి కాదు, ఆయన ఊపిరి. కడుపులు నిండాయా?" అని. లంక మొత్తం వింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారలేదు. అనాలనే అన్నాను.

రాజ్యలక్ష్మి


పటమట,
అక్టోబరు 8.

వదినా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. నీ మీద కోపం లేదని రాసి కొట్టేశాను. ఉంది. అన్నయ్య మీద ఉంది. నాన్న మీద కూడా ఉంది, తలుపు మూయకూడదన్న మాట మా బుర్రల్లో ఎక్కించినందుకు. అన్నిటికంటే నా మీద ఉంది.

మనిషిని లెక్కవేశాను, ఇంటిని వెయ్యలేదు. మిషనుకెంత, ఫ్యానుకెంత అని కాగితం మీద గీసుకున్నాను. అన్నయ్య అక్కడ ఉన్నంతకాలం ఆ తలుపు మూసి ఉండదని నాకు తెలియదా? తెలిసి నీ చేత మాట తీసుకున్నాను. కాని పని నీ నెత్తిన పెట్టి నేను పడుకున్నాను.

నిన్న ముస్తఫా గారు ఫోను చేశారు. ఆయనకి ఇంకా తెలియదు. "పెద్దది వచ్చిందమ్మా, అన్నయ్య గారికి ఎప్పుడు పంపమంటారు?" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం చేసుకుంటాను. ఫోను పెట్టేశాను.

నువ్వు అక్కడ ఒక్కదానివీ ఉండొద్దు. వచ్చి నా దగ్గర ఉండు. ఉన్న బ్యాటరీని ముస్తఫా గారు వచ్చి తీసుకెళతారు. అది నీ కళ్ళ ముందు ఉండటం నాకిష్టం లేదు. పోట్లాడుకుందాం, ఏడుద్దాం, ఏదైనా ఒక కప్పు కింద చేద్దాం.

శాలిని


తాటిదిబ్బలంక,
అక్టోబరు 27.

శాలినీ,

ఇప్పుడు రాను. కంద తవ్వకం ఉంది. బ్యాటరీ తీసుకెళ్ళమను, తొందరేమీ లేదు.

నా దగ్గరికి ఎవరూ రావడం లేదు. కూర గిన్నెలు గుమ్మం దగ్గర పెట్టి వెళుతున్నారు, తలుపు తట్టరు. నేను ఎదురుపడితే పక్కకి తప్పుకుంటారు. తిట్టినా బాగుండును. సాయిశ్రీ పిల్లకి బాగానే ఉందని నాని చెప్పాడు. ఆడపిల్ల, బుగ్గలు వచ్చాయట.

నిన్న మళ్ళీ వాయుగుండం అన్నారు. సాయంత్రం గాలి మొదలై, దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. లంకంతా చీకటి. ఏరు కూడా పెరుగుతోందని కింద ఎవరో కేకలేసుకుంటున్నారు. నేను తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాను. అరుగు లైటు వేశాను, నడవా లైటు వేశాను, ఆయన గది లైటు కూడా వేశాను. పెద్ద గిన్నెతో నీళ్ళు కరెంటు పొయ్యి మీద పెట్టి, చాపలు పరిచి కూర్చున్నాను.

ఎవరూ రాలేదు.

వాన పెద్దదైంది. కింద పిల్ల ఏడుస్తోంది, అదే ఏడుపు, నాకు తెలుసు. దిబ్బ అంచుకి వెళ్ళి, "బుల్లెమ్మా, పిల్లని తీసుకుని పైకి రావే" అని పిలిచాను. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను. వాళ్ళ ఇంట్లో ఫోను లైటు వెలుగుతూ ఉంది. నా గొంతు విని అది ఆర్పేశారు.

తిరిగొచ్చి కూర్చున్నాను. ఏరు ఎక్కలేదు, పొద్దునకి తగ్గిపోయింది. నీళ్ళు గిన్నెలోనే చల్లారాయి. పెట్టె వంక చూశాను. ఇంకా మూడు రోజులకి సరిపడా ఉందని చూపిస్తోంది.

రాజ్యలక్ష్మి